మంచి పొట్టేలును అమ్ముకుని, మిగిలినదాన్ని మందలో వదిలితే

(ఒక మండల కేంద్రంలో గొర్రెల పెంపకందారులు, పాడి రైతులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడి ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు కొందరు నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. వాళ్ల జీవాలకు సూదులు వేశాను, వాళ్ల చేత తిట్లూ తిన్నాను. అదిగో, ఆ తలపాగా పెద్దాయన ఒకసారి సంత మధ్యలో నన్ను నిలబెట్టి, "నువ్వు సూది వేసినంకనే నా గొర్రె ఈసుకపోయింది" అని, అంటే దాని కడుపు పోయిందని, పంచాయితీ పెట్టాడు. ఇప్పుడు నవ్వుతున్నాడు చూడండి. అంతటి చనువు ఉన్నచోట భయం లేకుండా మాట్లాడొచ్చు.

నన్ను వేదిక మీదకు పిలిచేటప్పుడు "శాస్త్రీయ యాజమాన్య పద్ధతులు" అన్నారు. ఆ మాట వింటే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఒక ప్రశ్న అడిగి మొదలుపెడతాను. మీ మందలో పోయిన ఏడు పుట్టిన పొట్టేలు పిల్లల్లో అన్నిటికన్నా ఏపుగా ఎదిగింది ఏది? అదిప్పుడు ఎక్కడుంది?

(సభలోంచి: "అమ్మేసినం సార్.")

ఎప్పుడు అమ్మారు?

("బక్రీదుకు.")

మరి ఇప్పుడు మందలో తిరుగుతున్న పొట్టేలు ఏది?

(నవ్వులు)

ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. బేరగాడు వచ్చి మంద మీద చూపు వేస్తాడు. వాడి కన్ను కాటా లాంటిది, చెయ్యి వేసి నడుము నొక్కితే చాలు, తూకం చెప్పేస్తాడు. బాగున్నవన్నీ ఏరుకుంటాడు. వాడు వద్దన్నవి, ఆలస్యంగా పుట్టినవి, వానాకాలంలో పారి బక్కచిక్కినవి మీ దగ్గర మిగులుతాయి. ఆ మిగిలిన వాటిలో ఒకటి పెద్దదై మందలోని గొర్రెలను దాటుతుంది, అంటే వాటిని చూడి కట్టిస్తుంది. ఏ పొట్టేలు తండ్రి కావాలో మీరు నిర్ణయించడం లేదు, బేరగాడు నిర్ణయిస్తున్నాడు. అదీ తలకిందులుగా. వరి రైతు ఎవరైనా గట్టి గింజలన్నీ మిల్లుకు తోలి, తాలు గింజలు విత్తనానికి దాచుకుంటాడా? గొర్రెల విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా అదే. ఒక ఏడాది కాదు, తరతరాలుగా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇది నాకూ తట్టలేదు. మందులు, సూదులు, నట్టల నివారణ, ఇదే పశువైద్యం అనుకున్నాను. పీపీఆర్ అనే అంటురోగానికి టీకా వేస్తే మంద బతుకుతుంది, నిజమే. కానీ బతికిన మంద పదేళ్ల తర్వాత కూడా అంతే ఉంది. అదే పొట్టి పొట్టేళ్లు, ఆరు నెలలకు అదే తూకం. ఎందుకని ఆలోచించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గొర్రెలు 7.42 కోట్లు. అందులో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దేశంలో ఉన్న గొర్రెల్లో దాదాపు సగం మన తెలుగు నేల మీదే మేస్తున్నాయి. మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రది. 2012లో తెలంగాణ లెక్క 1.28 కోట్లే. 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఇచ్చారు, మీలో తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తలల లెక్క పెరిగింది, సంతోషం. నేను మాట్లాడేది ఆ "ఒక పొట్టేలు" గురించి. ఇరవై గొర్రెల గురించి అందరూ మాట్లాడతారు, ఆ ఒక్కదాని అమ్మా అయ్యా ఎవరని ఎవరూ అడగరు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. భయపడకండి, నాలుగో తరగతి లెక్కే. ఒకే వారంలో పుట్టిన రెండు పొట్టేలు పిల్లలు ఉన్నాయనుకోండి. ఆరు నెలలకు ఒకటి ఇరవై ఐదు కేజీలు, ఇంకొకటి పద్దెనిమిది. ఏడు కేజీల తేడా. ఈ ఏడు కేజీలూ పూర్తిగా రక్తంలోంచి, అంటే వంశం నుంచి వచ్చినవి కావు. తల్లికి పాలు ఎక్కువుండొచ్చు, ఇంకో పిల్లకు జబ్బు చేసి ఉండొచ్చు. పెరుగుదలలో వంశ లక్షణం వల్ల వచ్చేది ఇంచుమించు పావు వంతు అని లెక్క వేసుకోండి. ఏడు కేజీల్లో పావు అంటే పావు తక్కువ రెండు కేజీలు. పిల్లకు సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వస్తుంది కాబట్టి అందులోనూ సగమే పొట్టేలు తన పిల్లలకు ఇవ్వగలడు. అంటే ముప్పావు కిలోకు కాస్త పైన. ఎనిమిది వందల గ్రాములు అనుకుందాం.

"ఇంతేనా?" అని మొహాలు చిన్నబుచ్చుకుంటున్నారు. ఆగండి. మీ గొర్రె ఏడాదికి ఒక పిల్లను ఇస్తుంది. మీ పొట్టేలు పాతిక గొర్రెలను దాటుతాడు. రెండేళ్లు మందలో ఉంటే యాభై పిల్లలు. యాభై పిల్లలకు ఎనిమిది వందల గ్రాముల చొప్పున నలభై కేజీలు. బతికున్న తూకం కిలో నాలుగు వందలు అనుకుంటే పదహారు వేల రూపాయలు. బక్రీదు ముందు ఆ పాతిక కేజీల పిల్లను అమ్మితే వచ్చేది పది వేలు. పైగా వాడు అప్పటికీ బతికే ఉంటాడు, చివర్న ముసలి పొట్టేలుగా అమ్ముకుంటే ఆ డబ్బు వేరే. ఇక వాడి కూతుళ్లు మీ మందలో తల్లులవుతాయి, ఆ లాభం నేను లెక్కలో వేయనేలేదు.

(సభలోంచి: "సార్, ఫీజులు కట్టేటప్పుడు ఈ లెక్క నడుస్తదా?")

నడవదు. మంచి ప్రశ్న అడిగావు నాయనా. పిల్లవాడి కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజున బేరగాడు గుమ్మంలో నిలబడితే ఎవరైనా అమ్ముతారు. నేనైనా అమ్ముతాను. అందుకే ఒక్కొక్కరు విడిగా చేసే పని కాదిది, పదిమంది కలిస్తేనే అవుతుంది. మీ ఊళ్లో పది మందలున్నాయనుకోండి. ఒక్కో మంద నుంచి ఒక్కటంటే ఒక్కటే, అన్నిటికన్నా మంచి పిల్లను ఆపాలి. దాని ధర సంఘం ఇచ్చి కొనాలి. ఆ పొట్టేలు పక్కింటి మందకు వెళ్లాలి, పక్కింటిది ఇంకొకరి మందకు. రెండేళ్లకోసారి ఇలా చుట్టు తిప్పుతూ పోతే తండ్రి తన కూతుర్నే దాటే పరిస్థితి రాదు. రక్తసంబంధం దగ్గరైతే ఏమవుతుందో మీకు చెప్పాలా? పిల్లలు బలహీనంగా పుడతాయి, చావులు పెరుగుతాయి, గొర్రెలు చూడి కట్టవు. ఒకే పొట్టేలును ఐదారేళ్లు మందలో ఉంచినవాళ్ల దొడ్లో నేనిది కళ్లారా చూశాను.

మిగిలిన పొట్టేలు పిల్లల సంగతేంటి అంటారా? నాలుగైదు నెలలు నిండేలోపు వాటిని మంద నుంచి వేరు చెయ్యాలి, లేదంటే విత్తులు కొట్టించాలి. ఇంకా పిల్లే కదా అనుకుంటాం, ఆ పిల్ల వెనకాలే తిరిగి గొర్రెను చూడి కట్టిస్తుంది. మంచి పొట్టేలు కొని తెచ్చి, అదే మందలో పదిహేను చిల్లర పొట్టేళ్లను వదిలేస్తే మీరు పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే.

మనుషులు గొర్రెల్లో ఎంపిక అనే పనిని పద్ధతిగా ఎలా మొదలుపెట్టారో చెప్పాలనుంది. ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్ జిల్లాలో డిష్లీ అనే చోట రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు ఉండేవాడు. 1725లో పుట్టాడు, 1795లో పోయాడు. జన్యువు అనే మాట పుట్టడానికి వందేళ్లకు పైగా ముందటి మనిషి. ఆయన తన మంచి పొట్టేళ్లను అమ్మేవాడు కాదు, ఒక్కో కాలానికి అద్దెకిచ్చేవాడు. మొదట్లో కొద్ది షిల్లింగులకు ఇచ్చినవాడు, 1780ల నాటికి కొన్ని పొట్టేళ్లకు వందల గినియాలు (అప్పటి ఇంగ్లండ్ బంగారు నాణేలు) అద్దె తీసుకున్నాడు. అద్దె డబ్బు ఒక్కటే కాదు ఆయన కిటుకు. తన పొట్టేలు పదిమంది మందల్లో పిల్లల్ని కనేది. వాటిని వెళ్లి చూసి వచ్చేవాడు. ఏ పొట్టేలు పిల్లలు బాగా వస్తున్నాయో తెలిశాక, ఆ పొట్టేలును వెనక్కి తెచ్చుకుని తన సొంత మందలో వాడుకునేవాడు. ఊరందరి మేత మీద, ఊరందరి ఖర్చు మీద తన పొట్టేళ్లకు పరీక్ష పెట్టాడన్నమాట. మన కోమటి శెట్టి కూడా ఇంత తెలివిగా వ్యాపారం చేసి ఉండడు.

ఆయన ఇంట్లో గొర్రెల ఎముకల గూళ్లు, ఉప్పునీళ్లలో ఊరబెట్టిన మాంసపు తునకలు పెట్టుకునేవాడట, ఒక తరానికీ ఇంకో తరానికీ తేడా చూసుకోవడానికి. ఇల్లాలు ఉంటే ఒప్పుకునేది కాదేమో! కానీ ఆయన తయారుచేసిన న్యూ లెస్టర్ గొర్రెకు ఒక లోపం ఉండేది. కొవ్వు విపరీతం. త్వరగా బలిసే గొర్రెను ఏరుకుంటూ పోతే కొవ్వు కూడా దాంతోపాటే వచ్చింది. తర్వాతి కాలంలో జనానికి అంత కొవ్వు మాంసం నచ్చలేదు. దేన్ని చూసి ఏరుకుంటామో అదే కాదు, దానికి అంటుకుని ఇంకేదో కూడా వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వస్తున్నాను.

నేను ఇందాక ఏపుగా ఎదిగిన పిల్లను ఆపండి అన్నాను. అందులో ఒక మోసం ఉంది. ఒక గొర్రె కవలలను ఈనిందనుకోండి. రెండు పిల్లలూ ఒకే తల్లి పాలు పంచుకుని తాగుతాయి. మూడు నెలలకు ఒక్కొక్కటి పది కేజీలు ఉంటుంది. పక్క గొర్రెకు ఒంటరి పిల్ల, పాలన్నీ దానికే, పద్నాలుగు కేజీలు. కంటికి కనిపించేది ఒంటరి పిల్లే. దాన్ని ఆపుతాం, కవలను అమ్మేస్తాం. కానీ ఏ తల్లి మందకు ఎక్కువ ఇచ్చింది? ఇరవై కేజీలు ఇచ్చిన తల్లా, పద్నాలుగు ఇచ్చిన తల్లా? మనం ఒంటరి పిల్లల్ని ఏరుకుంటూ పోతే కవలలు ఈనే గుణాన్ని మన చేతులతోనే మందలోంచి తోసేస్తున్నాం. ఆరు నెలల తర్వాత మందలో నిలబెడితే అది కవలో ఒంటరో ఎవరికి గుర్తుంటుంది? మీకు గుర్తుంటుందని నాకు తెలుసు, వంద గొర్రెల మొహాలు గుర్తుపట్టేవాళ్లు మీరు. కానీ మీ కొడుక్కి గుర్తుండదు. అందుకే నోట్‌బుక్ అంటున్నాను. చెవికి పోగు, పుస్తకంలో మూడు మాటలు: తల్లి నెంబరు, పుట్టిన తేదీ, ఒంటరా కవలా. పిల్లకు మూడు నెలలు నిండినప్పుడు ఒక తూకం, ఆరు నెలలు నిండినప్పుడు ఇంకొకటి.

కవలల గురించి ఎందుకింత చెబుతున్నానంటే, ఈ గుణం మామూలు ఎంపికతో చాలా నెమ్మదిగా కదులుతుంది. పెరుగుదలలో పావు వంతు రక్తం అన్నాను కదా, ఈతకు ఎన్ని పిల్లలు అనే దాంట్లో అది పదో వంతు మాత్రమే. తాత మొదలుపెడితే మనవడు ఫలితం చూస్తాడు. అయితే ప్రకృతి ఒక దగ్గర దారి దాచిపెట్టింది. అది మన దేశంలోనే, బెంగాల్ సుందరబన్స్‌లో ఉంది.

అక్కడ గరోల్ అని ఒక గొర్రె. చిన్నది, పెద్ద గొర్రె కూడా పది పన్నెండు కేజీలు దాటడం కష్టం. మోకాలి లోతు నీళ్లలో నిలబడి గడ్డి మేస్తుంది. మన నెల్లూరు పొట్టేలు పక్కన నిలబెడితే దాని పిల్లేమో అనుకుంటారు. కానీ ఈతకు రెండు పిల్లలు దానికి మామూలు, మూడు కూడా వింత కాదు. 1792, 93 ప్రాంతంలో కలకత్తా నుంచి ఓడల్లో బెంగాల్ గొర్రెలను ఆస్ట్రేలియాకు తీసుకెళ్లారు. అప్పట్లో ఎవరూ దీన్ని పట్టించుకోలేదు. నూట యాభై ఏళ్లు గడిచాక అక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో బూరూలా అనే ఫారంలో ఇద్దరు అన్నదమ్ములు ఒక పని చేశారు. మెరినో అనే ఉన్ని జాతి గొర్రెల్లో ఎక్కువ పిల్లలు ఈనే తల్లుల పిల్లల్నే దాచుకుంటూ పోయారు. చేతిలో పుస్తకం, మనసులో పట్టుదల, అంతే. ఆ మంద గొర్రెలు మూడేసి, నాలుగేసి పిల్లలు ఈనడం మొదలుపెట్టాయి. తర్వాత ఆ దేశపు పరిశోధన సంస్థ వాటిని తీసుకుని లోతుగా చూసింది. 2001లో దానికి కారణమైన ఒక్క జన్యువును పట్టుకున్నారు. బూరూలా పేరులోని బి అక్షరంతో దాన్ని ఫెక్‌బి అంటారు. అదే జన్యువు మన గరోల్‌లోనూ ఉందని తేలింది. ఆస్ట్రేలియావాళ్లు తమదనుకున్న వింత గొర్రెకు మూలం ఓడెక్కి వెళ్లిన మన బెంగాల్ గొర్రే అన్నమాట.

ఇక మహారాష్ట్రలో ఫల్టణ్ అనే ఊళ్లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. వాళ్లు గరోల్ నుంచి ఆ జన్యువును తెచ్చి దక్కని గొర్రెలో ఎక్కించారు. గరోల్ చిన్నతనం రాకుండా, ఆ ఒక్క జన్యువు మాత్రం నిలిచేలా తరాల తరబడి మళ్లీ మళ్లీ పెద్ద గొర్రెలతో కలిపారు. దానికి నారీ సువర్ణ అని పేరు పెట్టారు. దీంట్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పొట్టేలులో ఆ జన్యువు రెండు పోగులుగా, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చి ఉంటే, వాడి కూతుళ్లందరికీ తప్పకుండా ఒక పోగు వస్తుంది. ఒక పోగు ఉన్న గొర్రె చాలా ఈతల్లో కవలలు ఈనుతుంది. అంటే గొర్రెల కాపరి కొత్త గొర్రెలు కొనక్కర్లేదు, ఒక పొట్టేలు కొంటే చాలు. రక్తం చుక్క పరీక్ష చేసి ఎవరికి ఎన్ని పోగులున్నాయో చెప్పేస్తారు. మా చదువు రోజుల్లో ఇలా చెప్పి ఉంటే నవ్వేవాళ్లం.

("సార్, ఆ పొట్టేలు మనకు దొరుకుతదా?")

దొరుకుతుంది. కానీ కూర్చో, సగమే చెప్పాను. కవలలు పుట్టడం వేరు, కవలలు బతకడం వేరు. గొర్రె చూడి ఐదు నెలలు, నూట యాభై రోజులకు అటూ ఇటూ. కడుపులో పిల్ల ఎదుగుదలలో మూడింట రెండొంతులకు పైగా చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. సరిగ్గా ఆ ఆరు వారాలూ మనం దాన్ని వేసవి బీళ్లలో పది కిలోమీటర్లు నడిపిస్తే ఏమవుతుంది? రెండు పిల్లలూ కిలోన్నర తూకంతో పుట్టి, పాలు లేక మొదటి వారంలోనే పోతాయి. ఆ గొర్రె కూడా కోలుకోదు. నింబ్కర్ సంస్థ వాళ్లు కూడా కాపరుల మందల్లో ఏళ్ల తరబడి తిరిగి చూసింది ఇదే: ఎక్కువ పిల్లలు పుట్టాయా అని కాదు, అవి అమ్మే ఈడుకు వచ్చాయా అని. కాబట్టి ఆఖరి నెలన్నరలో చూడి గొర్రెలను వేరు చేసి, రోజుకు పావు కిలో దాణా అయినా పెట్టలేనివాళ్లు కవలల పొట్టేలు జోలికి వెళ్లొద్దు. నా ఉద్దేశం ఇది, కొందరు ఒప్పుకోకపోవచ్చు.

పెట్టగలిగినవాళ్లు ఇంకొకటి కూడా చెయ్యొచ్చు. పొట్టేలును మందలో వదలడానికి రెండు మూడు వారాల ముందు గొర్రెలకు కాస్త మంచి మేత, గుప్పెడు గుప్పెడు దాణా పెట్టండి. జొన్న, మొక్కజొన్న నూక, తౌడు, కొంచెం నూనెగింజల చెక్క, ఏదుంటే అది. అండం విడుదలయ్యే ముందు ఒళ్లు తేరుకుంటున్న గొర్రె ఎక్కువ అండాలు వదులుతుంది. జన్యువు ఏమీ కొనకుండానే కవలలు కొంచెం పెరుగుతాయి.

రోగాల గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసినవే. ఒక్క మాట. తొలకరి తర్వాత లేతగడ్డి మీద పడి కడుపునిండా మేసిన బలమైన పిల్ల, పొద్దున్న లేచేసరికి కాళ్లు కొట్టుకుని చచ్చి ఉంటుంది. చిటుకు రోగం. గమనించారా, అది బలహీనమైనదాన్ని పట్టదు, మందలో బాగా మేసేదాన్నే పడుతుంది. బేరగాడు ఒకవైపు, చిటుకు రోగం ఒకవైపు, ఇద్దరూ మీ మంచి పిల్లల్నే తీసుకెళ్తారు. వానలు పడకముందే టీకా వేయించండి.

ఒక మాట జాతుల గురించి. ఈ మధ్య ప్రతివాడూ నెల్లూరు పొట్టేలు కావాలంటాడు. దేశంలో ఎత్తైన గొర్రె మన నెల్లూరు గొర్రె, అందులో జోడిపి, పల్ల, డోర అని రంగును బట్టి మూడు రకాలు. పలమనేరు పరిశోధన స్థానంలో దాని మీద చాలా పని జరిగింది. నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ రాళ్ల నేలలు, చలి, తడి ఉన్నచోట మన నల్ల దక్కని గొర్రె తట్టుకున్నంత మరేదీ తట్టుకోదు. ఉన్నికి ధర పోయాక, గొంగళ్లు నేసేవాళ్లు తగ్గాక, నల్ల గొర్రెను అందరూ వదిలేశారు. ఎత్తు చూసి పొట్టేలు తెచ్చి, వర్షాకాలంలో సగం మందను పోగొట్టుకున్న కురుమ పెద్దలు ఈ సభలోనే ఉన్నారు, పేర్లు చెప్పను. మీ నేలకు తగిన గొర్రెలోనే మంచిదాన్ని ఏరుకోండి.

పాడి రైతులు అలుగుతున్నారు, గంట నుంచి గొర్రెల మాటే అని. మీ కథా ఇదేనండి. మా అమ్మకు ఒక గేదె ఉండేది. ముర్రా అనే పాల జాతి సంకరం, రెండో ఈతలో పూటకు ఐదు లీటర్లకు తగ్గేది కాదు. మా చెల్లెలి పెళ్లికి డబ్బు చాలక నాన్న దాన్ని పట్నం బేరగాడికి అమ్మాడు. దాని పడ్డ, అంటే ఆడదూడ, కూడా వెంటే పోయింది. పట్నం తబేళాలో దూడకు పాలు ఎవరు వదులుతారు? అది పది రోజులు కూడా బతకలేదని తర్వాత తెలిసింది. గేదె వట్టిపోయాక కబేళాకు పోయింది. మా వీధిలో మంచి గేదెలన్నీ అలాగే ఒక్కొక్కటి పోయాయి. ఇరవై ఏళ్లకు చూస్తే వీధంతా మూడు లీటర్ల గేదెలు. ఊరు మిగుల్చుకున్నది అదే. ఇది మా వీధి కథ మాత్రమే అనుకోకండి, పట్నాలకు పాలు పోసే చాలా చోట్ల ఇదే జరిగింది.

గేదెల్లో మీకు ఒక అదృష్టం ఉంది. పొట్టేలు కోసం వెతికినట్టు దున్నపోతు కోసం వెతకక్కర్లేదు. గేదెను కృత్రిమంగా చూడి కట్టించడానికి సూది వేసే అబ్బాయి తెచ్చే వీర్యం గొట్టం మీద దున్న నెంబరు ముద్రించి ఉంటుంది. మీలో ఎంతమంది దాన్ని చదివారు? ఒక్కరూ చేయి ఎత్తలేదు. ఇకనుంచి ఆ ఖాళీ గొట్టం పారేయనివ్వకండి. పుస్తకంలో నెంబరు రాసుకోండి. ఎందుకంటే మూడేళ్ల తర్వాత ఆ పడ్డకు సూది వేయించేటప్పుడు అదే నెంబరు రాకూడదు. వస్తే తండ్రితో కూతుర్ని కట్టించినట్టే. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఈ దున్న తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చింది, దీని కూతుళ్ల పాలు కొలిచారా? దున్నపోతు పాలివ్వదు కాబట్టి దాని విలువ కూతుళ్ల పొదుగులోనే తెలుస్తుంది. అవి పుట్టి, పెరిగి, ఈని, పాలు కొలిచేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఇప్పుడు రక్తంలో జన్యువులు చదివి దూడగా ఉన్నప్పుడే అంచనా వేసే పద్ధతి వచ్చింది. 2024 అక్టోబరులో మన దేశపు ఆవులకు గౌచిప్, గేదెలకు మహిష్‌చిప్ అని ఆ జన్యు పరీక్ష చేసే చిప్‌లను విడుదల చేశారు. కానీ ఆ చిప్ దేనితో పోల్చి చూడాలి? పల్లెల్లో కొలిచిన పాల లెక్కలతోనే. మీ పుస్తకం లేకపోతే ఆ చిప్ గుడ్డిది. ఆ చెవికి పసుపు పోగు, పన్నెండు అంకెలు, మీరంతా తిట్టుకుంటూ కొట్టించుకున్నారే, దాని అసలు ఉపయోగం ఇదీ.

ఆడదూడలే పుట్టే సెమెన్ వచ్చింది కదా సార్ అని అడుగుతారు, చెప్పేస్తాను. నూటికి తొంభై దాకా ఆడదూడలే పుడతాయి. మామూలు దానికన్నా చూడి కట్టే అవకాశం కాస్త తక్కువ, అందుకని ఆరోగ్యంగా ఉన్న పడ్డలకు, సరిగ్గా ఎదకొచ్చేవాటికే వేయించండి. మూడుసార్లు సూది వేయించినా చూడి నిలవక తిరగపొర్లిన ముసలి గేదెకు వేయించి నన్ను తిట్టకండి.

గేదెతో పెద్ద చిక్కు మూగ ఎద. ఆవు అరుస్తుంది, మీదెక్కుతుంది, ఊరందరికీ చెబుతుంది. గేదె సిగ్గరి. తెల్లవారుజామున కాస్త జిగురు తీగ వేస్తుంది, పాలు కొంచెం తగ్గిస్తుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, అంతే. పొద్దున్నే పేడ తీసే ఆడవాళ్లకే అది కనిపిస్తుంది. వాళ్లు చెబితే మగవాళ్లు "సాయంత్రం చూద్దాంలే" అంటారు. ఆ ఎద తప్పితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు. వట్టి గేదెకు రోజుకు నూట యాభై రూపాయల మేత అనుకున్నా మూడు వేల నూట యాభై రూపాయలు పేడలో కలిశాయి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. ఎండాకాలంలో ఎద ఇంకా మూగబోతుంది, ఒంటి మీద నీళ్లు చల్లండి, రాత్రిపూట మేత వేయండి. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు యాభై గ్రాములు. సంచి ధర చూసి వెనక్కి పెట్టకండి.

దూడ పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగాలి. మాయ పడ్డాకే తాగించాలనే ఆచారం ఎన్ని దూడల్ని చంపిందో నేను లెక్క చెప్పలేను. జున్నుపాలలో రోగాల నుంచి కాపాడే రక్షణ ఉంటుంది, దూడ పేగులు దాన్ని మొదటి కొన్ని గంటలే పీల్చుకుంటాయి, తర్వాత తలుపు మూసుకుపోతుంది. మాయ తీరిగ్గా పడుతుంది, దాని కోసం దూడను ఆకలితో ఉంచడమెందుకు? పదో రోజున ఏలిక పాములకు, అంటే పేగుల్లోని పురుగులకు, మందు. గేదె దూడలకు అవి తల్లి పాల ద్వారానే వస్తాయి, మట్టి కలర్ పారుడు, పొట్ట ముందుకు రావడం చూశాక వేస్తే ఆలస్యమే.

మేత సంగతి మొత్తం ఇంకోరోజు మాట్లాడుకుందాం, ఎండ ఎక్కుతోంది. వరిగడ్డి వాములు ఉన్నవాళ్లకు మాత్రం ఒక్కటి. వంద కేజీల గడ్డికి నాలుగు కేజీల యూరియా, నీళ్లలో పూర్తిగా కరిగించి, పొర పొరకూ చల్లి తొక్కి, పట్టా కప్పి మూడు వారాలు మాగనివ్వండి. పట్టా తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి పశువుకు వేయండి. యూరియా పొడిగా మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వద్దు.

(సభలోంచి ఒక మహిళ: "సార్, మేం ఎనిమిది మంది ఆడవాళ్లం సంఘంలో ఉన్నం. చదువు రాదు. పుస్తకం ఎవరు రాయాలె?")

నీ కూతురు ఏ తరగతి తల్లీ?

("ఏడు.")

ఆమె రాస్తుంది. నేను చెప్పిన మూడు మాటలు ఏడో తరగతి పిల్ల రాయలేదా? ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రండి. తల్లి నెంబరు, తేదీ, కవలా ఒంటరా, తూకం. ఎనిమిది మంది మందల్లో ఏ పొట్టేలు పిల్లను ఆపాలో ఆ పుస్తకం చూసి మనిద్దరం కలిసి ఏరుదాం. ఆమెకు నెలకు వంద రూపాయలు ఇవ్వండి సంఘం డబ్బుల్లోంచి. ఊరికే చేయించుకోకండి.

ఇంక ముగిస్తాను. మీటింగులో మాటలు విని ఇంటికి పోవడం నాకు ఇష్టం ఉండదు. వేలాడే కాటా ఒకటి తెచ్చాను, బయట వేపచెట్టు కొమ్మకు కట్టించాను. పిల్లను కూర్చోబెట్టడానికి గోనెసంచి ఊయల ఉంది. ఇందాక తలపాగా పెద్దాయన మంద పక్క చేలోనే ఉందన్నాడు. పదండి, ఆయన మందలోని పిల్లల్ని తూకం వేద్దాం. తల్లులు మేత నుంచి రాకముందే, పిల్లలు పాలు తాగకముందే కాటా ఎక్కించాలి. లేకపోతే పాల బరువు కూడా తూకంలో కలుస్తుంది. ఎవరి దగ్గరైనా పెన్ను ఉందా? నాది ఎవరో తీసుకెళ్లారు.